ఎర్రలైటు ఆరేదాకా

మొదట స్టీలు పళ్లెం పడ్డ చప్పుడు వినిపించింది. తరువాత గ్లోరియక్క తల గోడకు తగిలింది. సెంటినరీ కాలనీ క్వార్టర్లలో రెండిళ్లకు నడుమ ఒకటే గోడ. అటువైపు గోడకు ఏది తగిలినా ఇటువైపు మేకుకు వేలాడే క్యాలెండరు కదులుతుంది. ఆ మధ్యాహ్నం అది ఊగుతూనే ఉంది.

"మేనేజరు ముంగట నా ఇజ్జత్ తీస్తవా?" ఆమె మొగుడు రిచర్డ్ గొంతు. "బొగ్గుబావి కాడ అందరు నన్ను సూసి నవ్వుతున్నరు."

"నేను తీసేదేముంది. రోజు నువ్వే తీసుకుంటున్నవు గద."

మళ్లీ గోడ అదిరింది. ఈసారి క్యాలెండరు మేకుతో సహా ఊడి కింద పడింది.

"మొదలైంది," అంది మా అక్క, పసిబిడ్డను ఇంకో రొమ్ముకు మార్చుకుంటూ. అక్క కాన్పు తరువాత సాయంగా ఉండడానికి నేను కమాన్‌పూర్ దగ్గరి మా ఊరి నుంచి వచ్చాను. వచ్చిన కొత్తలో పక్కింటి చప్పుళ్లకు లేచి నిలబడేదాన్ని. "కూసో, ఆగుతది," అనేది అక్క. నిజంగానే ఆగేది. కాసేపటికి గ్లోరియక్క వాకిట్లోకి వచ్చి, పమిట నోటికి అడ్డం పెట్టుకొని బట్టలు ఆరేసేది. తరువాత నాకూ అలవాటైంది. చప్పుడు ఉన్నంతసేపు భయం. చప్పుడు ఆగిందంటే అయిపోయినట్టు.

ఆ రోజు పొద్దున గని ఆఫీసులో కౌన్సెలింగు జరిగింది. డ్యూటీకి నాగాలు ఎక్కువైన వాళ్లను భార్యలతో సహా పిలిచి కూర్చోబెట్టి మాట్లాడతారు. అక్కడ భార్యలు ఏం చెప్పాలో కాలనీలో అందరికీ తెలుసు. నడుము నొప్పి సార్, జ్వరం సార్, వచ్చే నెల నుంచి సక్కగ పోతడు సార్. గ్లోరియక్క అలా చెప్పలేదు. "టిఫిన్ కట్టించుకొని షిఫ్టుకని పోతడు సార్. బెల్టుషాపుల కూసుంటడు. షిఫ్టు ఇడిచే టైముకు ఇంటికొస్తడు," అని చెప్పింది. పక్కనున్న ఆడవాళ్లు నోట్లో కొంగు పెట్టుకున్నారట.

గోడవతల ఏదో బరువైనది ఈడ్చిన చప్పుడు. గ్లోరియక్క మూలిగింది. ఒక దెబ్బ, ఇంకో దెబ్బ. తరువాత ఏమీ లేదు.

"అయిపోయింది. అన్నం వార్చు," అంది అక్క.

నేను కరెంటు హీటరు మీది గిన్నె దించి గంజి వార్చాను. ఉడికిన పప్పు ఎనిపాను. ఎల్లిపాయలు దంచి పోపు వేశాను. పోపు మాడకుండా దించి పప్పులో కలిపి, చెయ్యి కడుక్కుంటున్నాను. అప్పుడు వచ్చింది ఆ అరుపు.

తన్నులకు వచ్చే అరుపు నాకు తెలుసు. ఇది అది కాదు. మధ్యలో ఊపిరి కోసం కూడా ఆగని అరుపు. బిడ్డ ఉలిక్కిపడి ఏడుపందుకుంది.

నేను ఉరికాను. వాళ్ల క్వార్టరు ముందు రేకుల షెడ్డులో రిచర్డ్ తండ్రి అంద్రెయ కాక మంచం మీద నుంచి లేచి నిలబడి ఉన్నాడు. కాళ్లకు చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు, దొరకడం లేదు. లోపలి నుంచి రిచర్డ్ వచ్చి నన్ను భుజంతో నెట్టేశాడు. నా తల దర్వాజకు కొట్టుకుంది. అతను ఎటూ చూడకుండా గేటు దాటి వెళ్లిపోయాడు.

లోపల మాంసం కాలిన వాసన. గ్లోరియక్క నేల మీద పక్కకు పడి ఉంది. ఎడమచేయి మోచేతి నుంచి మణికట్టు దాకా తెల్లగా, తడితడిగా, ఇస్త్రీపెట్టె ఆకారంలో ఉంది. కొన మణికట్టు వైపు. అంచు గీత ఎక్కడా తెగలేదు. పరిచిన దుప్పటి మీద ఆమె నైలాన్ చీర సగం ఇస్త్రీ అయి ఉంది. ఇస్త్రీపెట్టె ఆమె తల పక్కనే ఉంది. పడి లేదు. మడమ మీద పద్ధతిగా నిలబెట్టి ఉంది. దాని చక్రం నైలాన్ గుర్తు మీద కాదు, ఆ చివర, కాటన్ కూడా దాటి ఉంది. నేను చూస్తుండగానే ఎర్రలైటు మళ్లీ వెలిగింది. తన వేడి ఆమె చేతికి పెట్టి, పోయిన వేడి కోసం మళ్లీ కాగుతోంది.

నేను ప్లగ్గు పీకేశాను.

సువార్త పెద్దమ్మ, గ్లోరియక్క అత్త, వెనకవైపు నుంచి చెంబుతో నీళ్లు తెచ్చింది. చేతి మీద పోయడానికి వంగి, పోయకుండానే నా ముఖం చూసింది. "జారి పడ్డది," అంది. "ఇస్త్రీపెట్టె జారి పడ్డది బిడ్డా. నువ్వు చూసినవ్ గద."

దవాఖానలో కాలిన చర్మం కత్తిరించి కట్టు కట్టారు. ఎట్ల కాలిందని అడిగితే సువార్త పెద్దమ్మే జవాబు చెప్పింది. గ్లోరియక్క రెండు పెదవులూ చిట్లి వాచాయి. ఆమె నోరు తెరవబోతే నెత్తురు కారింది.

మరునాడు ఆమె అన్న శాంతిరాజ్ రామకృష్ణాపూర్ నుంచి బండి మీద వచ్చాడు. బండికి స్టాండు కూడా వేయలేదు, అలాగే పడేశాడు. రిచర్డ్ షెడ్డులో పళ్లు తోముకుంటున్నాడు. శాంతిరాజ్ హెల్మెట్‌తో అతని నోటి మీద కొట్టాడు. బ్రష్షు విరిగి చిగుళ్లలో దిగింది. రిచర్డ్ కింద పడి, పడ్డవాడు పడ్డట్టే శాంతిరాజ్ పిక్క కొరికాడు. ఇద్దరూ సందులోకి దొర్లారు. మురుగు మోరీ రాయి మీద రిచర్డ్ నుదురు పగిలింది. శాంతిరాజ్ అతని జుట్టు పట్టి మళ్లీ అదే రాయికి కొట్టబోతుంటే మా బావ జగదీశ్వర్, ఇంకో ఇద్దరూ వచ్చి విడదీశారు.

"కేసు పెడుత," అన్నాడు శాంతిరాజ్. అతని ప్యాంటు మోకాలి కింద నెత్తురుతో తడిసింది. "జైల్ల కూసోబెట్టకపోతే నేను దాని అన్ననే కాదు."

కేసు అనే మాట వినగానే సందు మొత్తం నెమ్మదించింది. కేసైతే సస్పెండు చేస్తారు. రిచర్డ్ ఉద్యోగం అతను పరీక్ష రాసి తెచ్చుకున్నది కాదు. అంద్రెయ కాక ఊపిరితిత్తులు పాడై మెడికల్ అన్‌ఫిట్ అయితే, ఆయన పోస్టు కొడుక్కు వచ్చింది. అది పోతే ఈ క్వార్టరూ పోతుంది. అందుకే యూనియన్ మనిషి భూపాల్ మధ్యలోకి వచ్చాడు. "ఆదివారం ప్రార్థన అయినంక కూసుందాం. నాలుగు మాటలు వాడంటడు, నాలుగు మాటలు ఆమె అంటది. పిల్ల మళ్ల ఇంట్లకొస్తది. కేసులు మనకెందుకు," అన్నాడు.

ఆదివారం దాకా గ్లోరియక్కను మా ఇంట్లో ఉంచారు. ఆమె గోడకు దూరంగా పడుకుంది.

శనివారం బావ షిఫ్టు నుంచి వచ్చి, నల్లటి చేతులు కడుక్కోకుండానే నన్ను వెనకవైపుకు పిలిచాడు. "రేపు నిన్ను అడుగుతరు. నువ్వేం జూసినవ్?"

"లోపలికి పోయేసరికి..."

"చూడలే. చెయ్యి కాలంగ చూడలే గద?"

"చూడలే బావా."

"గంతే చెప్పు." నా మణికట్టు పట్టుకున్నాడు. "కింద వాని పక్కన నిలవడి పని చేసేది నేను. పైన బొగ్గు పెళ్ల ఊడితే నన్ను గుంజేది వాడు, వాన్ని గుంజేది నేను. వానితోని పగ పెట్టుకొని నేను దిగాల్నా రోజు?" మాట మాటకూ పట్టు బిగిసింది. గాజులు పగిలి గుచ్చుకున్నాయి. వదిలాక నా చేతి మీద బొగ్గు వేళ్ల ముద్రలు మిగిలాయి.

ఆదివారం వాళ్ల రేకుల షెడ్డులోనే కూర్చున్నారు. భూపాల్ కుర్చీలో. అంద్రెయ కాక పక్కన మంచం మీద. రిచర్డ్ నుదుటికి పట్టీ వేసుకొని గోడకు ఆనుకొని నిలబడ్డాడు. శాంతిరాజ్ గేటు దగ్గర, బావ అతన్ని కనిపెట్టుకొని. గ్లోరియక్క కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకొని చాప మీద కూర్చుంది. నేను ఆమె వెనక.

"చెప్పు చెల్లె," అన్నాడు భూపాల్.

"కాలవెట్టిండు," అంది గ్లోరియక్క. పెదవులు ఇంకా సరిగా కదలడం లేదు.

సువార్త పెద్దమ్మ లోపలికి వెళ్లి ఇస్త్రీపెట్టె పట్టుకొచ్చింది. స్టూలు మీద పెట్టి అందరికీ చూపించింది. "ఇదే భూపాలా. ఇది డైరెక్టు చేసిన పెట్టె. నీ ఇంట్ల లేదా, జగదీశ్ ఇంట్ల లేదా? స్విచ్చి ఎయ్యంగనే నిప్పు లెక్కయితది. కొట్లాటల చెయ్యి తగిలింది, మీద వడ్డది. వాడు కొట్టిండు, నేను లేదంటలేను. గాని కాలవెట్టలే."

అందరూ తలలూపారు. కాలనీలో ఏ ఇంట్లో చూసినా డైరెక్టు పెట్టెలే. క్వార్టర్లలో కరెంటు కంపెనీదే కనుక ఖర్చు గురించి ఎవరూ ఆలోచించరు. పెట్టెలో వేడిని ఆపే రెగ్యులేటరు కాలిపోతే కొత్తది వేయించే ఓపిక ఉండదు. రెండు తీగలూ కలిపేస్తారు. ఆ తరువాత పెట్టెకు ఆగడమనేది ఉండదు. గోడ స్విచ్చి ఆపేదాకా కాగుతూనే ఉంటుంది. మరిచిపోతే షిఫ్టు చొక్కాకు బొక్క పడుతుంది. కాబట్టి సువార్త పెద్దమ్మ మాట అందరికీ సరిగ్గానే తోచింది.

కానీ పోయిన నెలలో ఆ పెట్టె పాడైనప్పుడు గోదావరిఖని చౌరస్తాలో రిపేరు దుకాణానికి గ్లోరియక్కతో వెళ్లింది నేనే. దుకాణదారు మూత విప్పి డైరెక్టు చేస్తానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. "వద్దన్నా, కొత్త రెగ్యులేటరే ఎయ్యి. మా ఆయనకు సుత డైరెక్టే చేసిన్రు, ఆగుడు లేదు. ఇంట్ల ఒకటి చాలు," అంది. అతను నవ్వి, కాలిపోయిన పాత రెగ్యులేటరు నుంచి చిన్న పట్టీ తీసి లైటరు మంట మీద పెట్టాడు. రెండు రకాల లోహపు రేకులను ఒకదానికొకటి అతికించిన పట్టీ అది. వేడికి ఒక రేకు ఎక్కువ సాగుతుంది, రెండోది తక్కువ. విడిపోలేవు కనుక రెండూ కలిసి ఒక పక్కకు వంగుతాయి. అది నా కళ్ల ముందే వంగింది.

"గిది వంగంగనే పాయింటు ఇడుస్తది. కరెంటు ఆగుతది, లైటు ఆరుతది," అన్నాడు అతను. "సల్లవడంగనే మళ్ల సక్కగైతది. పాయింటు అంటుకుంటది, లైటు ఎలుగుతది. పైన చక్రం తిప్పితే లోపల మర బిగుస్తది. ఎంత బిగిస్తే గంత వంగాలె. నైలాన్‌కు జరంత వంగితే సాలు. కాటన్‌కు మస్తు వంగాలె, మస్తు సేపు పడ్తది."

షెడ్డులో భూపాల్ గొంతు సవరించుకున్నాడు. తీర్పు చెప్పబోతున్నాడని అర్థమైంది. గ్లోరియక్కను ఈ సాయంత్రమే ఆ దర్వాజ దాటిస్తారు.

"అది డైరెక్టు కాదు," అన్నాను.

బావ తల తిప్పాడు. నేను ఆయన వైపు చూడలేదు.

"రెగ్యులేటరు కొత్తది ఏసిన్రు. నేను పోయిన."

"ఈ పోరికేం ఎరుక," అంది సువార్త పెద్దమ్మ.

"ప్లగ్గు పెట్టుండ్రి," అంది గ్లోరియక్క. "పెట్టి సూడుండ్రి."

ఎవరూ కదలలేదు. ఆమే లేచింది. కుడిచేత్తో బోర్డు లాగి ప్లగ్గు పెట్టింది. పెట్టెను మడమ మీద నిలబెట్టి చక్రం చివరిదాకా తిప్పింది. స్విచ్చి వేసింది. ఎర్రలైటు వెలిగింది. మళ్లీ వచ్చి చాప మీద కూర్చుంది.

అందరూ లైటు చూస్తున్నారు. లోపల ఏం జరుగుతోందో నాకు తెలుసు. కాయిలు ఎర్రబడుతుంది, ఆ వేడి అడుగు పలకలోకి దిగుతుంది, పలక నుంచి పట్టీకి ఎక్కుతుంది. మర చివరిదాకా బిగించి ఉంది కనుక పట్టీ చాలా వంగాలి. లైటు ఆరలేదు. ఓపెన్‌కాస్టు గని వైపు నుంచి డంపర్ల మోత వినిపించి పోయింది. పక్క సందులో ఒక ఆడమనిషి కోళ్లను పిలుస్తోంది. ఎవరో తెచ్చిన చాయి గ్లాసుల్లో మీగడ కట్టింది. లైటు ఆరలేదు. రిచర్డ్ గోడ నుంచి వీపు తీసి, మళ్లీ ఆనుకున్నాడు. శాంతిరాజ్ పిడికిళ్లు మూసి తెరుస్తున్నాడు. పెట్టె చుట్టూ గాలి వణకడం మొదలైంది.

టిక్ మని చిన్న చప్పుడు. లైటు ఆరిపోయింది.

"గింత సేపు," అంది గ్లోరియక్క. "నేను నైలాన్ చీర ఇస్త్రీ చేస్తున్న. చక్రం కింది గుర్తు మీద ఉండె. వచ్చిండు, కొట్టిండు. రోజు కొట్టినట్టే కొట్టిండు. నాకు ఫికర్ లేదు, అయిపోతది అనుకున్న. కొట్టుడు బంద్ చేసిండు. చక్రం తిప్పిండు. నా జుట్టు చేతికి చుట్టుకొని, మోకాలు నా రొమ్ము మీద పెట్టి, గింత సేపు లైటు సూసుకుంట కూసున్నడు. ఒక్క మాట మాట్లాడలే. నేను ఈయనకు ఆగుడు తెల్వదనుకున్న. మంచిగ తెలుసు."

"కోపంల..." అన్నాడు భూపాల్.

"కోపం ఎప్పుడో అయిపోయిందన్నా. లైటు ఆరలే, గంతే."

రిచర్డ్ స్టూలును తన్నాడు. ఆమె వైపే తన్నాడు. స్టూలు ఒరిగి, పెట్టె తిరగబడి ఆమె ముఖం మీదికి వచ్చింది. మంచం మీది అంద్రెయ కాక చెయ్యి అడ్డం పెట్టాడు. అడుగు పలక ఆయన అరచేతికి తాకింది. తాకిన క్షణమే చెయ్యి తనంతట తాను వెనక్కి లాగేసుకుంది. పెట్టె చాప మీద పడి, చాప నల్లబడి పొగ లేచింది. బావ వైరు పట్టి గుంజాడు.

అంద్రెయ కాక తన అరచేయి చూసుకున్నాడు. బొటనవేలి కింద ఒక ఎర్రటి గీత, వంకరగా, సగంలోనే ఆగిపోయి ఉంది. తరువాత ఆయన కిందికి దిగి గ్లోరియక్క ముందు కూర్చొని కట్టు విప్పసాగాడు. చివరి మడత పుండుకు అంటుకుంది. ఆమె పళ్లు బిగించింది. ఆయన విప్పాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా, కొనతో సహా, పెట్టె అంచు ఎక్కడా చెరగకుండా అచ్చుపడి ఉంది.

ఆయన తన చేతిని దాని పక్కన పెట్టి భూపాల్‌కు చూపించాడు. "మీద వడ్డదైతే గిట్లుంటది," అన్నాడు తన గీతను చూపిస్తూ.

లేచి, పడి ఉన్న స్టూలు అందుకొని, కొడుకు భుజం మీద కొట్టాడు. స్టూలు కాలు విరిగింది. విరిగిన కాలితో మోకాళ్ల మీద, మోచేతుల మీద, నుదుటి పట్టీ మీద కొట్టాడు. ఆయన ఊపిరి ఈల వేస్తోంది, అయినా ఆపలేదు. రిచర్డ్ తండ్రి ఛాతీ మీద రెండు చేతులతో తోశాడు. ముసలాయన మంచం కోడుకు తగిలి పడ్డాడు. అప్పుడు శాంతిరాజ్‌ను ఎవరూ పట్టుకోలేదు. మా బావ పక్కకు జరిగి దారి ఇచ్చాడు. శాంతిరాజ్ తన్నిన తన్నుకు రిచర్డ్ మడత పడి దగ్గాడు. నేల మీద విరిగిన పన్ను కనిపించింది. సువార్త పెద్దమ్మ అడ్డం పడితే ఆమె చెవికీ దెబ్బ తగిలింది.

"ఇగ చాలు," అంది గ్లోరియక్క. శాంతిరాజ్ ఆగేసరికి ఆమె నిలబడి ఉంది. "అన్నా, బండి తియ్యి. స్టేషన్‌కు పోవాలె."

భూపాల్ అంద్రెయ కాకను లేపుతున్నాడు. "కాకా, నువ్వన్న చెప్పు. కేసైతే నౌకరి పోతది. క్వార్టరు పోతది. నువ్వు ఊపిరి పోగొట్టుకొని ఇచ్చిన నౌకరి."

"నేనిచ్చిందే గద," అన్నాడు అంద్రెయ కాక. "పోనీ." ఆయనకు మాట అందడం లేదు. "నేను సుత వస్త పద."

బండి మీద అందరూ పట్టరని ఆటో పిలిచారు. సువార్త పెద్దమ్మ దాని ముందు అడ్డంగా పడుకుంది. అంద్రెయ కాక దిగి, ఆమె రెక్క పట్టి దుమ్ములో పక్కకు ఈడ్చి, మళ్లీ ఎక్కాడు. నేనూ ఎక్కాను. బావ గేటు దగ్గర నిలబడి, "ఇటు దిక్కు మళ్ల రాకు," అన్నాడు. గట్టిగా అనలేదు.

స్టేషన్‌లో కానిస్టేబులు కాగితం ముందు పెట్టుకొని, సాక్షి ఎవరని అడిగాడు.

"నేను," అన్నాడు అంద్రెయ కాక. "వాని తండ్రిని."

"కాలవెట్టంగ చూసినవా?"

"చూడలే. బయట మంచం మీద ఉన్న. కొట్టుడు వినవడ్డది. నేను లేస్తనే ఉన్న. గంతల చప్పుడు ఆగింది." ఆయన కాలిన చెయ్యిని ఇంకో చేత్తో పట్టుకున్నాడు. "ఆగింది గద, అయిపోయింది అనుకున్న. అటు దిక్కు ఒత్తిగిలి పండుకున్న సారూ."

కానిస్టేబులు నా వైపు తిరిగాడు. నేను పళ్లెం పడ్డ దగ్గర నుంచి చెప్పాను. క్యాలెండరు ఊడి పడడం, ఈడ్చిన చప్పుడు, మూలుగు, రెండు దెబ్బలు. అతను అన్నీ రాసుకున్నాడు. తరువాత ఏమీ వినబడలేదనీ, నేను గంజి వార్చి, పప్పుకు పోపు వేశాననీ చెప్పాను. అతను పెన్ను ఆపాడు.

"ఏం చప్పుడు లేకుంటే ఏం రాయాలె? అరిచిన కాడి నుంచి చెప్పు."

గ్లోరియక్క విప్పిన కట్టును ఒళ్లో పెట్టుకొని బెంచీ మీద కూర్చుని ఉంది. చీర తగలకుండా చేతిని పైకెత్తి పట్టుకుంది.

"గదే రాయుండ్రి సారూ," అంది. "ముందుగాల గదే రాయుండ్రి."